దక్షిణం ఛాయిస్‌లో వదిలేసిన అడవి

ఒక పెద్ద అడవిలో నాలుగు దిక్కులుండేవి. వాటిలో మూడింటికే మార్కులుండేవి.

తూర్పుకు ఎనిమిది, పడమరకు ఎనిమిది, ఉత్తరాన కొండలున్నాయి కాబట్టి దానికి తొమ్మిది. దక్షిణానికి సున్నా. మార్కుల్లేని దిక్కుకు పనిగట్టుకుని పోయేంత తీరిక ఆ అడవిలో ఎవరికీ లేదు. పైగా అది యముడి దిక్కన్న మాట ఉండనే ఉంది గనుక, అటువైపు చూడకపోయినా ఎవరికీ పెద్ద లోటనిపించలేదు.

మొదటినుంచీ ఇలా లేదు. దక్షిణానికి కూడా ఒక పాఠం ఉండేది. దాన్ని రాసింది ఉడుము పట్టాభి మాస్టారు. ఆ అడవి ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లుగా భూగోళం చెబుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం సెలవుల్లో పొట్ట నేలకు రాసుకుంటూ దక్షిణంగా పన్నెండు మైళ్లు నడిచాడు. రెండు బండల మధ్య సందులోంచి దూరితే అవతల మండుటెండల్లో కూడా నిండుగా ఉన్న నీలమడుగు కనిపించింది. వెనక్కి వచ్చి, ఆ దారినీ ఆ మడుగునూ పుస్తకంలో చివరి పాఠంగా రాసిపెట్టాడు. జన్మలో తాను చేసిన మంచిపని అదొక్కటేనని ఆయన నమ్మకం.

పాఠం బాగానే ఉంది. చెప్పడమే కుదిరేది కాదు. చివరి పాఠం దాకా సిలబస్ నడిచిన బడి ఆ చుట్టుపక్కల అడవుల్లో ఒక్కటీ లేదు. దానికి తోడు గ్లోబుతో వచ్చిన ఇబ్బంది ఒకటి.

బడికి గ్లోబు లేదు. మాస్టారు పదేళ్లపాటు అర్జీలు పెట్టగా పెట్టగా, హెడ్మాస్టరు అలుగు గుండురాజు గారు తానే గ్లోబుగా ఉంటానని ఒప్పుకున్నారు. ఆయనకది కష్టమేమీ కాదు. పై అధికారి వచ్చినా, పిల్లల తల్లిదండ్రులు వచ్చినా, సంతకం పెట్టాల్సిన కాగితం వచ్చినా ముక్కు పొట్టలో దూర్చి ఉండ చుట్టుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ఉండను బల్ల మీదికెత్తి మాస్టారు బెత్తంతో చూపించేవాడు. పిల్లలు ఆయన పొలుసులు లెక్కపెట్టి అక్షాంశాలు నేర్చుకునేవాళ్లు.

చిక్కల్లా దక్షిణం దగ్గరే. బెత్తం అడుగువైపు తగిలేసరికి గుండురాజు గారికి చక్కిలిగింత పుట్టేది. కిలకిలా నవ్వుతూ విచ్చుకుని, "ఇవాళ్టికి చాలు మాస్టారూ" అని బల్ల దిగి వెళ్లిపోయేవారు. భూగోళమే లేచి వెళ్లిపోయాక ఇంక పాఠమేం చెబుతాడు పాపం.

ఒక ఏడాది పదో తరగతిలో ఏడుగురు తప్పారు. విద్యాధికారి నక్క జంబుకేశ్వరరావు గారు ఆగమేఘాల మీద వచ్చి వాలారు.

"ఏడుగురు! పక్క అడవిలో నూటికి నూరు శాతం మాస్టారూ. రేపు మీటింగులో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"పాఠం పూర్తి కాలేదండి. హెడ్మాస్టరు గారు మధ్యలోనే..." అంటూ మాస్టారు పక్కకు చూశాడు. కుర్చీలో గుండురాజు గారు లేరు. గుండ్రంగా ఒక ఉండ ఉంది.

"ఏ ప్రశ్నలో పోయారు?"

"దక్షిణంలోనండి. ఏడుగురూ."

జంబుకేశ్వరరావు గారు కాసేపు తోక నిమురుకున్నారు. "అంటే పిల్లల తప్పేం లేదన్నమాట. తప్పంతా దక్షిణానిది."

ఆయన వెంట కొండముచ్చు కోటిలింగం కూడా వచ్చాడు. కోటిలింగం ఆ అడవిలో ట్యుటోరియల్ నడుపుతాడు. ఏ పాఠాన్నైనా అరపేజీకి కుదించి, దాన్ని కూడా చదవక్కర్లేకుండా చేసే నేర్పరి.

"దీనికింత ఆలోచనెందుకు సార్" అన్నాడు కొమ్మ మీంచి. "ఏడు ప్రశ్నలిచ్చి ఆరు రాయమనండి. ఆ ఏడోది దక్షిణం చేసేయండి. పిల్లలు ఛాయిస్‌లో వదిలేసుకుంటారు."

"దిక్కును ఛాయిస్‌లో వదిలేయడమేమిటయ్యా?" అన్నాడు పట్టాభి మాస్టారు.

"ఇంకా మూడున్నాయి కదా మాస్టారూ!"

అలా మొదలైంది. మరుసటి ఏడాది నూటికి నూరు వచ్చింది. దండలు, బ్యానర్లు, కోటిలింగం ట్యుటోరియల్ ముందు బారెడు ఫ్లెక్సీ. రెండో ఏడాది, ఎలాగూ ఎవరూ చదవడం లేదని ఆ పాఠం తీసేశారు. పిల్లల మీద భారం తగ్గించామని చెప్పుకున్నారు. మూడో ఏడాది కొత్త పటం అచ్చయింది. అందులో అడవికి మూడు దిక్కులే ఉన్నాయి. కింద దక్షిణం ఉండాల్సిన చోట తెల్లగా వదిలేసి, 'రఫ్ వర్క్ కొరకు' అని రాశారు. ఆ రోజు పట్టాభి మాస్టారు గుడ్డు ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

ఆ మూడేళ్లలోనూ పరీక్ష గట్టెక్కని మనిషి అడవి మొత్తంలో ఒక్కతే, పంది పోతమ్మ. చదువు రాక కాదు. జంబుకేశ్వరరావు గారు పెట్టిన నిమిషం నిబంధన వల్ల. తొమ్మిది గంటలకు గేటు మూస్తారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పోతమ్మకు పదకొండుమంది పిల్లలు. అందరినీ బురదలోంచి లాగి, పొదలో పడుకోబెట్టి, ఆయాసపడుతూ వచ్చేసరికి ఏటా తొమ్మిదీ ఒకటయ్యేది. "ఒక్క నిమిషమే కదయ్యా" అని గేటు ముందు ఏడ్చి వెళ్లిపోయేది. గైర్హాజరైన వాళ్లు లెక్కలోకి రారు కాబట్టి నూటికి నూరు చెక్కు చెదరలేదు.

ఇక ఏ తరగతిలోనైనా ఏటా ఫస్టు ర్యాంకు దుప్పి పిల్ల చుక్కమ్మదే. నూటికి నూరు. పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా నోటికి వచ్చు. ఎంత నోటికంటే, పుస్తకంలో పేజీ తిప్పే చోట అప్పజెప్పేటప్పుడు కూడా ఒక క్షణం ఆగేది. మంచి పిల్ల. మాస్టారికి ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్లను చూస్తే ఆయనకు గర్వమూ వచ్చేది, గుండెలో ఎక్కడో కలుక్కుమనేది కూడా.

తర్వాత వాన మానేసింది.

ఒక ఏడు చూశారు. రెండో ఏడూ చూశారు. మూడో ఏడు చైత్రానికల్లా తూర్పు వాగు ఇసుకై, పడమటి చెరువు నెర్రెలిచ్చి, ఉత్తరపు కొండల్లో ఊటలు కూడా బొట్లు బొట్లుగా కారసాగాయి. ముసలివాళ్లు మంచం పట్టడం మొదలైంది. చుక్కమ్మ నాయనమ్మ కాళ్లు ముడిచి పడుకున్నది రెండు రోజులైనా లేవలేదు.

ఇప్పచెట్ల కింద అడవంతా సమావేశమైంది. అధ్యక్షత జంబుకేశ్వరరావు గారిదే. ఎక్కడ కుర్చీ ఉంటే అక్కడ అధ్యక్షత ఆయనదే.

"నీళ్లెక్కడున్నాయో తేల్చాలి. ఇది భూగోళానికి సంబంధించిన విషయం. మన ర్యాంకరును పిలవండి" అన్నారు ఆయన.

చుక్కమ్మ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "ఈ అడవి నందలి జలవనరులు మూడు. ఒకటి, తూర్పు వాగు. ఇది సంవత్సరమంతయు ప్రవహించును. రెండు, పడమటి చెరువు. ఇందు..." ఒక క్షణం ఆగింది. "...తామరలు విరివిగా లభించును."

చప్పట్లు కొట్టారు. అందరి నాలుకలూ పిడచకట్టుకుని ఉన్నాయి. అయినా కొట్టారు.

పట్టాభి మాస్టారు లేచాడు. "అయ్యా, దక్షిణాన నీలమడుగు ఉంది. పన్నెండు మైళ్లు. నేను కళ్లారా చూశాను. ఇప్పుడే బయలుదేరితే చీకటి పడకముందే చేరిపోవచ్చు. నేను ముందు నడుస్తాను, నా వెంట రండి."

ఎవరూ కదల్లేదు.

"అదెన్ని మార్కుల ప్రశ్న మాస్టారూ?" అని ఒక కుందేలు అడిగింది.

"మార్కులేమిటమ్మా, నీళ్లు! తాగే నీళ్లు!"

"దక్షిణం సిలబస్‌లో లేదు కదా" అన్నారు జంబుకేశ్వరరావు గారు, పటం విప్పి చూపిస్తూ. "ఇదిగో చూడండి, ఇది రఫ్ వర్క్ కోసం వదిలిన స్థలం. రఫ్ వర్క్ చేసే చోట నీళ్లుంటాయా? ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవారు, మీరే ఇలా మాట్లాడితే పిల్లలు ఏమైపోవాలి?"

అందరూ మాస్టారి వంక జాలిగా చూసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయనకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. కానీ ఉడుము జాతి. పట్టు దొరికేదాకా గోడంతా తడుముతుంది. మాస్టారు కూడా తడిమాడు.

మార్కులుంటే గానీ వీళ్లు కదలరు. సరే, మార్కులే పెడదాం అనుకున్నాడు.

గుండురాజు గారి దగ్గరికి వెళ్లి ప్రత్యేక పరీక్షకు అనుమతి అడిగాడు. హెడ్మాస్టరు గారు ఉండ చుట్టుకున్నారు. సంతకం కోసం మాస్టారు బెత్తంతో దక్షిణం వైపు మెల్లగా పొడిచాడు. గుండురాజు గారు కిలకిలా నవ్వి విచ్చుకున్నారు. ఆ విచ్చుకున్న సందులో కాగితం దూర్చి సంతకం చేయించాడు.

ఒకే ప్రశ్న. నూరు మార్కులు. 'నీలమడుగునకు పోవు దారిని వివరింపుము.' తన పాత పాఠాన్ని మాస్టారు అచ్చు వేయించి పంచాడు.

అడవి దద్దరిల్లింది! కోటిలింగం పూట తిరక్కుండా గైడు దింపాడు. ఏ చెట్టు కింద చూసినా బట్టీయే. తప్పినవాళ్లే కాదు, పాసైనవాళ్లు కూడా ఇంప్రూవ్‌మెంట్ రాస్తామని ఎగబడ్డారు. పరీక్ష రాసేవాళ్లు లేని ఇల్లే లేదు. నాలుగు రోజులు ఎండిన గొంతులతో చదివి, అయిదో రోజు అందరూ రాశారు. అందరికీ నూటికి నూరు. మళ్లీ ఫ్లెక్సీ వెలిసింది.

ఆరో రోజు మాస్టారు పొద్దున్నే బడి ముందు నిలబడి, దక్షిణం వైపు దుమ్ము లేస్తుందేమోనని చూశాడు. లేవలేదు. చుక్కమ్మ ఇంటికి పరిగెత్తాడు.

"దారి అంత బాగా రాశావు కదమ్మా. మరి వెళ్లలేదేం?"

చుక్కమ్మ తెల్లబోయింది. "వెళ్లాలా సార్? వివరించమన్నారు కదా. వివరించాను."

"నాయనమ్మ దాహంతో పడి ఉంది కదమ్మా."

"అవును సార్" అంది చుక్కమ్మ, కళ్లనీళ్లు పెట్టుకుని. "ఆమెకు కూడా చదివి వినిపించాను. చాలా బాగుందంది."

మాస్టారు వెనక్కి తిరిగి బడి దారి పట్టాడు. తప్పు ఆ పిల్లది కాదు. పదేళ్లు ఏది నేర్పితే అదే చేస్తోంది, నేర్పింది తానే.

అయితే ప్రాక్టికల్స్ పెడదామనుకున్నాడు. నీలమడుగు దాకా నడిచి, నీళ్లు తాగి రావడం. యాభై మార్కులు. ఆ సంగతి తెలిసి జంబుకేశ్వరరావు గారు నవ్వారు.

"ప్రాక్టికల్స్‌కు ఎవరైనా వెళతారా మాస్టారూ? మీ అమాయకత్వం గానీ." ఆఫీసులోనే కూర్చుని, అందరికీ యాభైకి యాభై వేసి పంపించారు. రికార్డుల్లో ఆ రోజు అడవంతా నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం మాస్టారు బడి గోడ పక్కన నీరసంగా పడి ఉంటే పంది పోతమ్మ వచ్చింది. పదకొండుమంది పిల్లలూ ఆమె వెనకాలే ఒకరి మీద ఒకరు వాలిపోయి ఉన్నారు.

"మాస్టారూ, నాకు మాత్రం ఈ ప్రత్యేక పరీక్ష కూడా పోయింది. మళ్లీ ఒక్క నిమిషమే" అంది. "ఈసారి సెంటరు మా ఇంటి దగ్గర వేయించండయ్యా. సెంటరు ఎక్కడుంటే అక్కడికి చచ్చినట్టు పరిగెత్తాలి కదా."

మాస్టారు తల పైకెత్తాడు.

"ఏమన్నావు పోతమ్మా?"

"సెంటరు ఎక్కడుంటే..."

"చాలు తల్లీ, చాలు" అని ఆయన లేచి కూర్చున్నాడు. ఒంట్లో ఎక్కడ దాక్కుందో అంత సత్తువ.

పబ్లిక్ పరీక్ష వారంలో ఉంది. సెంటర్లు వేసే అధికారం హెడ్మాస్టరుది. మాస్టారు బెత్తం తీసుకుని గుండురాజు గారి దగ్గరికి వెళ్లాడు. దక్షిణం వైపు పొడవకముందే ఆయన ఉండలోంచి గొణిగారు. "దీనివల్ల నాకేమైనా మాట వస్తుందా మాస్టారూ?"

"సెంటరు దూరమైందని తిడతారండి. అక్కడే ఎందుకు వేశారని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

సంతకం అయిపోయింది. నోటీసు బోర్డు మీద కాగితం పడింది. 'పరీక్షా కేంద్రం: నీలమడుగు గట్టు. ఉదయం తొమ్మిది గంటలు. నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదు. హాల్ టికెట్టు వెంట ఇంటిల్లిపాదీ రావచ్చును.'

నీళ్లున్నాయంటే కదలని అడవి, సెంటరు పడిందంటే అరగంటలో కదిలింది.

ఇంత దూరం వేస్తారా అని తిట్టుకుంటూనే అట్టలు, పెన్నులు సర్దుకుని, పరీక్ష ముందురోజు రాత్రి బయలుదేరారు. పరీక్ష రాసేది ఒకరైతే వెంట వెళ్లేది తొమ్మిదిమంది. తాతలు, అత్తలు, మేనమామలు, నిరుడు పాసైన వాళ్ల అనుభవం చెప్పడానికి పక్కింటివాళ్లు. చుక్కమ్మ ఒక్క షరతు పెట్టింది. పరీక్షకు వెళ్లేటప్పుడు నాయనమ్మే ఎదురు రావాలి, లేకపోతే రాయను పొమ్మంది. ర్యాంకు పోతుందని వాళ్ల నాన్న కంగారుపడి, అడవిదున్నను బతిమాలి, ముసలామెను దాని వీపు మీద పడుకోబెట్టాడు. అది మైలు మైలుకూ ముందుకు పరిగెత్తి, వెనక్కి తిరిగి, నాయనమ్మను ఎదురు తీసుకొచ్చేది. అలా ఆ ముసలామె పన్నెండుసార్లు ఎదురొచ్చింది.

దారి అందరికీ నోటికి వచ్చిందే. చుక్కమ్మ ముందు నడుస్తూ అప్పజెప్పింది. "ఎర్రమట్టి దిబ్బ యొద్ద ఎడమకు మరలవలెను." అందరూ మరలారు. "తుమ్మ పొదలు దాటిన పిమ్మట..." అని ఆగింది. పేజీ తిప్పే చోటు. వెనకున్న అడవంతా ఒంటికాలి మీద ఆగింది. "...వాలు వెంట దిగవలెను." అందరూ దిగారు.

రెండు బండల సందు దగ్గర పోతమ్మ నిలబడి ఉంది. గేటు పని మాస్టారు ఆమెకే అప్పజెప్పి, పిల్లలతో సహా ముందురోజే వెంట తీసుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి పోతమ్మ పరీక్షకు ముందుగా వచ్చింది. హాల్ టికెట్లు చూసి ఒక్కొక్కరినీ లోపలికి పంపింది. ఎనిమిదీ యాభై తొమ్మిదికి ఆఖరి నత్త కూడా దాటింది. అది నాలుగు రోజుల ముందే బయలుదేరిందట.

లోపల నీలమడుగు.

అందరూ అట్టలు చంకలో పెట్టుకుని అలా నిలబడిపోయారు. మొదట నాయనమ్మ మూతి పెట్టింది. ఆమె తాగుతున్న చప్పుడు విని ఇంక ఎవరూ ఆగలేదు. గట్టు పొడవునా ఒకటే గుటకల చప్పుడు. పట్టాభి మాస్టారు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సంతోషంతో ఆయన నాలుక రెండు పాయలూ వణికాయి.

బెల్లు కొట్టాక ప్రశ్నపత్రం పంచాడు. ఒకటే ప్రశ్న. 'నీవు ఇప్పుడు ఎక్కడున్నావు? ఎలా వచ్చావు?'

కోటిలింగం గైడులో అది లేదు. పిల్లలు బిక్కమొహాలు వేసి, గైడు తలచుకుని, ఆకాశం చూసి, నీళ్లు చూసి, చివరికి రాయడం మొదలుపెట్టారు. ఎర్రమట్టి కాళ్లకు అంటుకుని ఇంకా వదల్లేదని ఒక కుందేలు రాసింది. తుమ్మముల్లు ఎక్కడ గుచ్చుకుందో ఒక జింక బొమ్మ వేసింది. వాలు దగ్గరికి రాగానే గాలి చల్లబడిందని, అప్పుడే నాయనమ్మ తల ఎత్తిందని చుక్కమ్మ రాసింది. ఏ ఇద్దరి జవాబూ ఒకలా లేదు. ముప్పై ఏళ్లలో అలాంటి కట్ట మాస్టారి చేతికి రావడం అదే మొదటిసారి. ఆ కాగితాలను ఆయన దిద్దలేదు, చదువుకున్నాడు.

అంతకుముందు బెల్లు కొట్టిన నిమిషానికే, సరిగ్గా తొమ్మిదీ ఒకటికి, గేటు దగ్గర అలికిడైంది. జంబుకేశ్వరరావు గారు! కాపీ కొట్టేవాళ్లను పట్టుకుందామని ఫ్లయింగ్ స్క్వాడుగా బయలుదేరారు. కాకపోతే అధికారిక పటం పట్టుకుని బయలుదేరారు. అందులో దక్షిణం లేదు కాబట్టి తూర్పూ పడమరా ఉత్తరమూ తిరిగి తిరిగి, చివరికి పిల్లల అడుగుజాడలు పట్టుకుని వచ్చారు. నాలుక నేలకు వేలాడుతోంది.

"తప్పుకో పోతమ్మా. నీళ్లు..."

"హాల్ టికెట్టు?"

"హాల్ టికెట్లు ఇచ్చేవాడినే నేను!"

"తొమ్మిదీ ఒకటైందయ్యా."

"ఒక్క నిమిషమే కదా!"

పోతమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది. ఆ మాట ఆమె ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు అందో ఆమెకే తెలుసు. "నేను పెట్టిన రూలు కాదండి" అని సందుకు అడ్డంగా పడుకుంది. పందిని దాటి ఆ సందులో దూరడం ఎవరి తరమూ కాదు.

మాస్టారికి జాలేసింది. పోతమ్మను బతిమాలితే మధ్యాహ్నం సప్లిమెంటరీకి ఒప్పుకుంది. జంబుకేశ్వరరావు గారు లోపలికొచ్చి, అందరూ తొక్కగా మిగిలిన బురదనీళ్లు తాగి, రూలు ప్రకారం కూర్చుని పరీక్ష రాశారు. 'నీవు ఇప్పుడు ఎక్కడున్నావు?' అనే ప్రశ్నకు ఆయన రాసిన జవాబు ఇది. 'ఈ ప్రాంతము రఫ్ వర్క్ కొరకు కేటాయించబడినది.'

సున్నా వచ్చింది. ఆ ఏడాది అడవి మొత్తంలో తప్పినవారు ఆయనొక్కరే. నూటికి నూరు పోయింది.

ఆ తర్వాత రోజూ ఒక పరీక్ష పెట్టాల్సి వచ్చింది. పరీక్ష అయిపోయిందనగానే పిల్లలు అట్టలు పైకి విసిరి, ఇళ్లకు పరిగెత్తేవాళ్లు. మర్నాడు మళ్లీ సెంటరు వేస్తే తప్ప నీళ్లకు వచ్చేవాళ్లు కాదు. యూనిట్ టెస్టు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, ప్రీ ఫైనల్, గ్రాండ్ టెస్టు, ఆఖరికి హాజరు పరీక్ష అని ఒకటి కూడా కనిపెట్టి, మాస్టారు వానలు పడేదాకా అడవిని బతికించాడు.

వానలు పడ్డాయి. వాగు పారింది. ఇప్పచెట్ల కింద మళ్లీ సమావేశమైంది. జంబుకేశ్వరరావు గారు నివేదిక చదివారు. దక్షిణం ప్రశ్న వల్ల ఈసారి ఒకరు తప్పారని, ఆ ఒకరి పేరు చెప్పడం మర్యాద కాదని, విద్యార్థుల క్షేమం దృష్ట్యా దక్షిణాన్ని తిరిగి ఛాయిస్‌లో వదిలేస్తున్నామని. చప్పట్లు కొట్టారు. ఈసారి గొంతులు తడిగా ఉన్నాయి కాబట్టి ఈలలు కూడా వేశారు.

పట్టాభి మాస్టారు అదే నెలలో రిటైరయ్యాడు. శాలువా కప్పించుకుని, ఎవరికీ చెప్పకుండా దక్షిణంగా నడిచి, నీలమడుగు గట్టున బండ కింద కాపురం పెట్టాడు. పోయేలోగా ఒక్కరైనా ఊరికే, తమంతట తాము, ఇటు వస్తే చాలని ఆయనకు ఒక ఆశ. ఎవరు వస్తారులే అని కూడా ఆయనకు తెలుసు.

ఒకనాటి పొద్దున సందులో అలికిడైంది. చుక్కమ్మ. కాళ్లకు ఎర్రమట్టి. చంకలో పరీక్ష అట్ట.

మాస్టారి చూపు ఆ అట్ట మీదే ఆగింది. "మళ్లీ ఏ పరీక్షమ్మా? సెంటరు ఇక్కడ వేశారా?"

"ఏ పరీక్షా లేదు సార్."

"మరి ఇంత దూరం?"

"గాలి ఎక్కడ చల్లబడుతుందో చూద్దామని. ఆ రోజు హడావిడిలో సరిగ్గా చూడలేదు." ఆ పిల్ల సిగ్గుపడింది. "తుమ్మల దాకా కూడా రాలేదు సార్, ముందే చల్లబడుతోంది. మీ పాఠంలో వాలు దగ్గరని తప్పు పడింది."

మాస్టారి ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన పాఠంలో తప్పు చూపించినవాళ్లు లేరు. దగ్గరికి వెళ్లి ఆ పిల్ల తల నిమిరాడు.

"మరి ఈ అట్ట ఎందుకు తల్లీ?"

చుక్కమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించింది.

"దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, పరీక్షకని చెప్పొచ్చని సార్."

ఇందులో నీతి: పిల్లలకు దారి చూపించాలని తాపత్రయపడకండి, సెంటరు వేయండి, ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు.